ఓడ కదిలిన రోజు తీగ మీద చొక్కా

రెండు ఉత్తరాలూ ఇంకా వంటింటి బల్ల మీదే ఉన్నాయి. వచ్చింది బుధవారం. గురువారం సాయంత్రమైనా వాటిని అక్కణ్ణించి తీసే ధైర్యం రిమ్మర్ వాళ్ల ఇంట్లో ఎవరికీ లేకపోయింది. తినడానికి కూర్చున్నప్పుడు పళ్లాలే వాటి చుట్టూ సర్దుకున్నాయి.

ఒకటి హిల్డా పేర వచ్చింది. పోస్టులో వచ్చే పుస్తకాలతోనూ, తెల్లారకముందే టీవీలో వచ్చే పాఠాలతోనూ ఆమె ఇంట్లో ఉండే ఆరేళ్లుగా చదువుతున్న దూరవిద్య విశ్వవిద్యాలయం పంపింది. రెండోది కొడుకు ఏడ్రియన్ జేబులో వచ్చింది. అది వాడు చదివే కాలేజీది. ముద్రలు వేరు, సంతకాలు వేరు, సంగతి మాత్రం ఒక్కటే. తల్లి మార్చిలో పంపిన వ్యాసమూ, కొడుకు మే మొదట్లో ఇచ్చిన వ్యాసమూ పేజీలకి పేజీలు ఒకటే రాత. ఎవరిది చూసి ఎవరు రాశారో శనివారం పదకొండు గంటలకి కాలేజీ మాస్టారు ఆష్వర్త్ గారి గదికి వచ్చి ఇద్దరూ చెప్పాలి. సోమవారం ఆయన రెండు చోట్లకీ నివేదిక పంపుతాడు. తప్పెవరిదని తేలితే వాళ్ల చదువు అక్కడితో సరి.

వేయించిన చేప చల్లారిపోయింది. హిల్డా మొగుడు క్లిఫ్ ఒక్కడే తింటున్నాడు. ఇరవై ఏళ్లు చేపల ఓడల మీద పనిచేసిన మనిషి, తుపాను వచ్చినా పళ్లెం వదలడం అతనికి రాదు.

“నువ్వే చూసి రాశానని చెప్పెయ్,” అన్నాడు, ఉప్పు అందుకోమన్నంత మామూలుగా.

హిల్డా తలెత్తింది. “నేను రాసింది నేను చూసి రాశానని చెప్పాలా?”

“వాడి నోట్సు ఇంట్లో పడుంటే తీసుకున్నానని చెప్పు. తప్పని తెలీదని చెప్పు. చేపలు కోసుకునేదానివి, తెలీదంటే ఎవరైనా నమ్ముతారు.”

ఆ చివరి మాట అతను తిట్టాలని అనలేదు. అందుకే మరీ తగిలింది.

ఆ తర్వాత క్లిఫ్ చెప్పిందంతా హిల్డాకి ముందే తెలుసు. రిమ్మర్ల వంశంలో పై చదువు గడప తొక్కినవాడు వీడొక్కడు. ఊళ్లో రేవు మూతపడింది, ఓడలు తుక్కు కింద పోయాయి, తండ్రి చేసిన పని కొడుక్కి లేదు. వాడి చేతిలో ఉన్నది ఆ చదువొక్కటే. మరి ఆమెకో? పట్టా వచ్చినంత మాత్రాన చేపల షెడ్డులో కత్తి బదులు కలం ఇస్తారా? ఆమెది సరదా, వాడిది బతుకు. ఈ మాట క్లిఫ్ రెండుసార్లు అన్నాడు. మొదటిసారి నెమ్మదిగా, రెండోసారి బల్ల చరిచి.

హిల్డాకి కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ అదే మనిషి, పని పోయిన మొదటి చలికాలంలో, రోజూ ఆరున్నరకి ముందే లేచి టీవీ పెట్టి, పొయ్యి రాజేసి, టీ కలిపి, ఆమెను నిద్రలేపిన సంగతి ఆమె మరిచిపోలేదు. పాఠం ముక్క అర్థం కాకపోయినా పక్కన కూర్చునేవాడు. టీవీలో ఆ గడ్డం ఆయన గొంతు బావుందిలే అనేవాడు. మనిషి మీద పూర్తిగా కోపం తెచ్చుకోవడానికి కూడా వీల్లేకుండా బతికిన కాపురం వాళ్లది.

ఏడ్రియన్ తన పళ్లెం పక్కకి నెట్టాడు. ఇరవై ఏళ్లవాడు, పన్నెండేళ్లవాడిలా బల్ల అంచు గోకుతూ కూర్చున్నాడు.

వాడు తెలివితక్కువవాడేం కాదు. తెలివైనవాళ్లు చేసే తప్పే చేశాడు. ఈస్టర్ సెలవులకి ఇంటికొచ్చి, సొరుగులో తల్లి వ్యాసం నకలు చూసి, దాన్నే తన పేర రాసిచ్చాడు. తన మాస్టారెవరో, తన వ్యాసం దిద్దేదెవరో వాడికి తెలుసు, ఆయనకీ తమ ఊరు ఫ్లీట్‌వుడ్‌లో చేపలు కోసే ఆవిడకీ ఏ సంబంధమూ లేదు. కానీ ఆ కాలేజీల్లో ఒక పద్ధతుంది. ఒకరు దిద్దిన కాగితం రెండో మనిషి కూడా చూడాలి. ఆ రెండో మనిషిగా వచ్చింది ఆష్వర్త్. పగలు కాలేజీలో పాఠం చెప్పే ఆష్వర్తే మంగళవారం సాయంత్రాలు బడి గదిలో దూరవిద్య వాళ్లకి పాఠం చెబుతాడు, వాళ్ల వ్యాసాలు దిద్దుతాడు. హిల్డా ఆయన్ని ఆరేళ్లుగా ఇంట్లో “మా మంగళవారం సారు” అనే అంటోంది. పేరేమిటని కొడుకు ఒక్కసారీ అడగలేదు.

“ఎందుకు చేశావురా?” అంది హిల్డా.

“టైం లేకపోయింది.”

“అది కాదు. ఎందుకు?”

ఏడ్రియన్ గోకడం ఆపాడు. “చదివానమ్మా. బావుంది. నాకలా రాయడం రాదని తెలిసిపోయింది.” ఒక్క క్షణం ఆగి, ఇంకా మెల్లగా అన్నాడు. “పైగా నీది... నీది అసలు ఎక్కడైనా లెక్కలోకి వస్తుందని అనుకోలేదు.”

క్లిఫ్ కూడా తినడం ఆపాడు.

హిల్డా లేచి పళ్లాలు తీసింది. నీళ్ల తొట్టి దగ్గర వాళ్లకి వీపు పెట్టి నిలబడి, కడిగిన పళ్లెమే మళ్లీ కడిగింది. 

మర్నాడు నాలుగింటికి షెడ్డు కూత వేసింది. రబ్బరు ఏప్రన్ విప్పి, చేతులు మూడుసార్లు సబ్బుతో రుద్దుకుని, అయినా పోని వాసనతో హిల్డా బయటికొచ్చింది. గేటు దగ్గర ఏడ్రియన్ నిలబడి ఉన్నాడు. కాలేజీలో చేరాక వాడు ఆ గేటు దగ్గరికి రావడం అదే మొదలు. తోటి ఆడవాళ్లు వాణ్ణి చూసి, మీ దొరబాబు వచ్చాడే హిల్డా, వాడి చేతులు మాయకుండా తీసుకుపో అని ఆటపట్టించారు. వాళ్లకింకా ఏమీ తెలీదు.

ఇద్దరూ సముద్రపు గట్టు వెంట నడిచారు. ఆటు సమయం, నీళ్లు ఎక్కడో దూరాన ఉన్నాయి.

“అమ్మా, మీ మంగళవారం సారు ఒక్కటే అడుగుతాడట,” అన్నాడు ఏడ్రియన్. “ఉత్తరంలో రాశాడు. ఆధారాలన్నీ లైబ్రరీ పుస్తకాల్లో ఉన్నవే. ఒక్కటి తప్ప. ఎవరో ఆవిడ నోటితో చెప్పిందని రాశావే, ఓడ కదిలిన రోజు బట్టలుతికిన ఆవిడ. ఆవిడెవరో, ఎప్పుడు చెప్పిందో చెప్పగలిగినవాళ్లదే ఆ వ్యాసమని తేలుస్తాడు.”

“అయితే?”

“అయితే... నాకు చెప్పు. ఆవిడెవరు?”

హిల్డా నడక ఆగలేదు కానీ నెమ్మదించింది. దొంగిలించినవాడు పెట్టె తాళంచెవి కూడా అడుగుతున్నాడు. అడుగుతున్నవాడు తన కడుపున పుట్టినవాడు. 

ఆ ఊళ్లో పుట్టిన ఆడపిల్లకి ఆ కట్టుబాటు ఎవరూ నేర్పక్కర్లేదు. మగవాడి ఓడ కదిలిన రోజు ఇంట్లో బట్ట తడపకూడదు. తడిపితే నీళ్లు మనిషిని తీసుకుపోతాయి. వెనక్కి పిలవకూడదు, చెయ్యి ఊపకూడదు, అన్నిటికంటే ముఖ్యం బట్ట తడపకూడదు. హిల్డా తన వ్యాసం అంతా దీనిమీదే రాసింది. ఇది మూఢనమ్మకమని నవ్వి వదిలేయడం తేలిక. కానీ పోయినవాళ్ల శవం కూడా దొరకని ఊళ్లో, ఎవరినో ఒకరిని తప్పుపట్టాలి గనక, ఆ తప్పు ఎప్పుడూ ఇంట్లో ఆడదాని మీదికే ఎలా వచ్చేదో రాసింది. ఆ పేజీ పక్కన మార్చిలో ఆష్వర్త్ ఎర్ర సిరాతో రాశాడు: “ఈ సాక్ష్యం ఏ పుస్తకంలోనూ లేదు. ఎక్కడ దొరికింది మీకు?” ఆ ప్రశ్నకి ఆమె ఇంతవరకూ జవాబు పంపలేదు.

“మీ అమ్మమ్మ,” అంది.

ఏడ్రియన్ ఆగిపోయాడు. వాడికి ఆరేళ్లప్పుడు పోయిన ముసలావిడ గుర్తుంది, పంచదార బిళ్లలు ఏప్రన్ జేబులో దాచి ఇచ్చేది.

హిల్డా చెప్పింది. యాభై ఒకటో సంవత్సరం జనవరి. తన తండ్రి జాక్ క్రాపర్ ఎక్కిన ఓడ ‘ఎవెలిన్ గ్రేస్’. తెల్లారి నీళ్లెక్కగానే కదిలింది. ఆ మధ్యాహ్నం వాళ్ల పెరట్లో తీగ మీద ఒక చొక్కా ఆరుతూ వీధంతటికీ కనబడింది. పదకొండు రోజుల తర్వాత ఉత్తరాన మంచు పేరుకుని ఓడ బోర్లాపడిందని కబురొచ్చింది. పద్ధెనిమిది మంది పోయారు. ఎదురింటావిడ వచ్చి, ఆ రోజు బట్టలుతికిందెవరే అని అడిగింది. అమ్మ, నేనే ఉతికాను, మర్చిపోయాను అంది. ఆ తర్వాత పోయేదాకా పందొమ్మిదేళ్లు ఆ వీధి ఆమెతో మాట్లాడలేదు. పద్ధెనిమిది మంది విధవలూ తల్లులూ ఉన్న ఊళ్లో రొట్టెల దుకాణానికి వెళ్లడానికి కూడా ఆమె మూసేవేళ దాకా ఆగేది.

హిల్డా ఒక్కటి చెప్పలేదు. ఆ చొక్కా తనదని.

ఓడ కదిలిన మర్నాడు పెద్ద బడిలో ప్రవేశానికి ఆమెను పిలిచి మాట్లాడతామన్నారు. వీధి మొత్తానికి ఆ పరీక్ష నెగ్గిన పిల్ల ఆమె ఒక్కతే. ఉన్నది ఒక్క తెల్లచొక్కా, దాని మీద సిరా ఒలికింది. అమ్మ రేవు దగ్గర్నుంచి వచ్చి ఇంకా పడుకునే ఉంది. పదకొండేళ్ల పిల్ల చప్పుడు కాకుండా ఉతికి, కుర్చీ వేసుకుని తీగ మీద ఆరేసింది. కట్టుబాటు తెలియక కాదు. ఒక్క చొక్కాయే కదా అనుకుంది. ఎదురింటావిడ అడిగినప్పుడు అమ్మ ఒక్కసారి కూతురి వైపు చూసింది, ఆ తర్వాతే నేనే అంది. ఇద్దరి మధ్యా ఆ సంగతి మళ్లీ ఎన్నడూ రాలేదు. పెద్ద బడి సంగతి కూడా రాలేదు. పదిహేనో ఏట హిల్డా చేపల షెడ్డులో చేరింది.

ఇదంతా ఆమె వ్యాసంలో రాయలేదు. నేను అనే మాటే రాకూడదు వ్యాసంలో. ఎవరో ఒక జాలరి భార్య చెప్పిందని రాసి, ఆరేళ్ల చదువులో మొదటిసారి, ఆ పేజీ మీద తల వాల్చి ఏడ్చింది.

ఏడ్రియన్ జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. సంవత్సరం, ఓడ పేరు, ఎంతమంది పోయిందీ రాసుకున్నాడు.

“ఎందుకు ఉతికింది? ఏమైనా చెప్పిందా?”

“మర్చిపోయింది,” అంది హిల్డా.

“మర్చిపోయింది,” అని వాడు రాసుకున్నాడు. పాఠం వింటున్నప్పుడు వాడి ముఖం ఎలా ఉంటుందో ఆమె ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు చూసింది. బుద్ధిగా ఉంది. ఆ బుద్ధిమంతుడి ముఖం చూస్తుంటే ఆమెకి పట్టుదల సడలిపోయింది. మా అమ్మ నా కోసం అన్న మాటే నేను వీడి కోసం అనబోతున్నాను, అంతేగా అనుకుంది. కొత్తగా పోయేదేమీ లేదు.

ఆ సాయంత్రం వాడు ఒప్పుకోలు కాగితం రాసిచ్చాడు. నా కుమారుని మొదటి సంవత్సరపు నోట్సు నుంచి అజ్ఞానం వల్ల ఎత్తి రాశాను అని మొదలైంది. హిల్డా అద్దాలు పెట్టుకుని చదివింది. రెండో వాక్యంలో తన వ్యాసం పంపిన తేదీ తప్పు పడింది. అలవాటు కొద్దీ దిద్ది, కింద సంతకం చేసింది.

శనివారం పొద్దున క్లిఫ్ చావులకి మాత్రమే కట్టే నల్ల టై కట్టాడు. ముగ్గురి బూట్లూ తనే తుడిచి వరసగా పెట్టాడు. ఆమె కోటు పట్టుకుని తొడుగుతూ, వెనకనుంచి అన్నాడు.

“మీ అమ్మ సంగతి తెలిసే నిన్ను చేసుకున్నాను. మా అమ్మ ఆర్నెల్లు ఏడ్చింది. ఆ ఇంటి అల్లుణ్ణి ఎక్కించుకోం అని ఇద్దరు కెప్టెన్లు నన్ను రేవులో దింపేశారు. అప్పుడైనా నిన్నొక మాట అన్నానా?”

“అనలేదు.”

“అది గుర్తుంచుకో చాలు.”

హిల్డా బొత్తాలు పెట్టుకుంది. అతను నిజంగానే ఒక్క మాట అనలేదు. ఇరవై రెండేళ్లుగా అనకుండా దాచి, ఇవాళ అన్నాడు. అతని లెక్కలో అది ఆమె అమ్మ చేసిన తప్పు. అసలు సంగతి చెప్పాల్సిన రోజు పెళ్లికి ముందే వచ్చి వెళ్లిపోయింది, ఆమె చెప్పలేదు.

రైలెక్కారు. ఏడ్రియన్ తన చిన్న పుస్తకం చూసుకుంటూ పెదాలు కదిపాడు.

ఆష్వర్త్ గది మూడో అంతస్తులో ఉంది. పుస్తకాల బరువుకి అరలు మధ్యకి వంగిపోయాయి. కిటికీ దగ్గర మిస్ పిల్లింగ్ అనే పెద్దావిడ మాటలన్నీ రాసుకోవడానికి కలం పట్టుకుని కూర్చుంది. ఆష్వర్త్ లేచి నిలబడి హిల్డాకి కుర్చీ చూపించాడు. మంగళవారం బడి గదిలో కంటే ఇక్కడ ఆయన ముసలివాడిగా కనిపించాడు. క్లిఫ్‌ని గుమ్మం పక్కన కూర్చోమన్నాడు. అతను టోపీ మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు.

“మిసెస్ రిమ్మర్, ఇలాంటి పని మీద మిమ్మల్ని పిలవాల్సి వస్తుందని నేననుకోలేదు. ముందు మీరు చెబుతారా?”

హిల్డా సంచీలోంచి కాగితం తీసి ఆయన ముందు పెట్టింది. “ఇందులో ఉంది సార్. మిగతాది మావాడు చెబుతాడు.”

ఆయన చదివాడు. దిద్దిన తేదీ దగ్గర ఆయన వేలు ఒక్క క్షణం ఆగింది. ఆ అక్షరాలు ఆయనకి ఆరేళ్లుగా తెలుసు. అద్దాలపైనుంచి ఆమె వైపు చూశాడు. ఆమె తన చేతుల వైపు చూసుకుంది. ఆయన నిట్టూర్చి, ఆ కాగితం మీద చెయ్యి ఉంచి, ఏడ్రియన్ వైపు తిరిగాడు.

ఆ జాలరి భార్య ఎవరని అడిగాడు. ఏడ్రియన్ తడుముకోలేదు. మా అమ్మమ్మ అన్నాడు. యాభై ఒకటి, ‘ఎవెలిన్ గ్రేస్’, పద్ధెనిమిది మంది. చిన్నప్పట్నుంచీ ఇంట్లో విన్న సంగతేనని, మొదటి సంవత్సరమే నోట్సులో రాసి పెట్టుకున్నానని చక్కగా చెప్పాడు. నిన్న సాయంత్రం గట్టు మీద విన్నదేనని ఎవరూ అనుకోరు. మిస్ పిల్లింగ్ కలం వాడి మాట వెంట పరిగెత్తింది. క్లిఫ్ టోపీ మీద వేళ్లు వదులయ్యాయి.

సరిగ్గా ఇక్కడ ఆపేసి ఉంటే గండం గడిచిపోయేది.

“ఒకటి నాకు అర్థం కావడంలేదు,” అన్నాడు ఆష్వర్త్. “కట్టుబాటు అంత గట్టిదైతే, ఆవిడ ఆ రోజే ఎందుకు ఉతికింది? మొగుణ్ణి ఓడెక్కించి వచ్చి మర్చిపోయిందా?”

చిన్న పుస్తకంలో దీనికి ఒక్క మాటే ఉంది. ఆ మాటను ఆయన ఇప్పుడే పనికిరాకుండా చేశాడు. ఏడ్రియన్ మెడ ఎర్రబడింది. ఏదో ఒకటి చెప్పాలి, నమ్మేలా చెప్పాలి. పరీక్షలో తెలియని ప్రశ్న వస్తే రాసినట్టే చెప్పాడు.

“ఆవిడ మనిషే అలాంటిది సార్. కాస్త అశ్రద్ధ. మా నాన్న వాళ్ల వైపు వాళ్లు కూడా అనేవారు. మొగుడు సముద్రం మీద ఉన్నా పెద్దగా పట్టేది కాదట. పోయిన కబురొచ్చినప్పుడు కూడా గట్టిగా ఏడవలేదట. వీధివాళ్లు మాట్లాడకపోవడానికి అది కూడా ఒక కారణం అయ్యుండొచ్చు.”

మిస్ పిల్లింగ్ రాస్తోంది.

హిల్డా ఆ కలం వైపు చూసింది. అశ్రద్ధ. పట్టేది కాదు. ఏడవలేదు. ఒక్కో మాటా నీలం సిరాతో కాగితం ఎక్కుతోంది. చనిపోయినవాళ్లు వచ్చి దిద్దలేరు, వాళ్ల గురించి ఎవరో రాసిందే మిగులుతుంది, అందుకే మనం జాగ్రత్తగా రాయాలి. ఈ మాట ఆమెకి చెప్పింది ఈ ఎదురుగా కూర్చున్న మనిషే, మొదటి సంవత్సరం, రెండో మంగళవారం. ఆమె దాన్ని పుస్తకం అట్ట లోపల రాసి పెట్టుకుంది.

పట్టా పోతుందనుకుని వచ్చింది. పోనీలే అనుకునే వచ్చింది. దానికి సిద్ధపడే సంతకం చేసింది. కానీ మూసేవేళ దాకా ఆగి రొట్టె కొనుక్కున్న ఆ మనిషిని, పడుకునే గదిలో తలగడ నోట్లో కుక్కుకుని ఏడ్చిన ఆ మనిషిని, ఇప్పుడు మనవడి చేత ఇంకోసారి దోషిని చేసి సోమవారం పోస్టులో రెండు చోట్లకి పంపబోతున్నారు. దానికి ఆమె సంతకం పెట్టలేదు.

“అది రాయకండి,” అంది.

మిస్ పిల్లింగ్ తలెత్తింది.

“ఆ మాటలు కొట్టేయండి. మా అమ్మ అశ్రద్ధ మనిషి కాదు. ఆ చొక్కా మా అమ్మ ఉతకలేదు.”

“అమ్మా,” అన్నాడు ఏడ్రియన్. “నిన్న నువ్వేగా...”

“నిన్న నేను అబద్ధం చెప్పాను. మా అమ్మ కూడా అబద్ధం చెప్పింది.”

గుమ్మం పక్కన కుర్చీ కిర్రుమంది. క్లిఫ్ లేచి నిలబడ్డాడు. టోపీ కింద పడితే తీసుకోలేదు.

“మరి ఎవరే ఉతికింది?”

అడగాల్సింది ఆష్వర్త్. అడిగింది ఆమె మొగుడు. హిల్డా కొడుకు వైపు చూడలేదు, మాస్టారి వైపు చూడలేదు. కుర్చీలోనే వెనక్కి తిరిగింది.

“నేనే,” అంది. “నేనే ఉతికాను క్లిఫ్. బడికి వెళ్లాలని ఉతికాను.”

క్లిఫ్ మళ్లీ కుర్చీలో కూలబడ్డాడు. మిస్ పిల్లింగ్ ఏం రాయాలో తెలియక ఆష్వర్త్ వైపు చూసింది. ఆ వ్యాసం ఎవరిదో ఆయనకి ఇక ఎవరూ చెప్పక్కర్లేదు. ఆయన చెయ్యి ఇంకా ఆమె సంతకం చేసిన కాగితం మీదే ఉంది.